ముల్లు లేని ముక్క

మా దేశంలో ఖరీఫంటే ఊడుపులు.
సలాలాలో ఖరీఫంటే
కురవకుండా కారే వాన.
మూడు నెలలు బాల్కనీలో బట్టలారవు.
సముద్రం ఎవర్నీ దగ్గరికి రానివ్వదు,
పడవలన్నీ ఒడ్డునే.
మా ఇంట్లో మాత్రం ఖరీఫ్ రాకముందే
వేట ఆగిపోయింది.

రైసూత్ కోల్డ్ స్టోరేజీలో పదకొండేళ్ళు
రొయ్యల్ని సైజు చూసి ఏరిన ఎల్లాజీకి
ఒక బుధవారం పెదాలు వాచాయి,
గొంతు మూసుకుపోయింది.
గ్లవుజు తీస్తే చేతులు
ఉడికిన పీత రంగు.
మలయాళీ డాక్టరు కాగితం మీద వరసగా కొట్టేశాడు:
రొయ్య, పీత, చేప.
చివర రాశాడు: ఆవిరి కూడా వద్దు.
"వాసుపల్లోళ్ళ ఇంట పుట్టి
సేప పడదంటే నవ్వుతారు సార్"
డాక్టరు నవ్వలేదు.
నేనొక్కటే అడిగాను, నాచు తినొచ్చా అని.
తినొచ్చన్నాడు.
అయితే సముద్రం మొత్తం పోలేదు.

ఇప్పుడతను గేటు దగ్గర లారీల నంబర్లు రాస్తాడు.
ఇంట్లో పప్పు పొంగినా సరే
పొగ కనబడితే కిటికీ దగ్గరికి పోతాడు.
అందుకే పొయ్యి జోలికి పోకుండా
పచ్చిగానే ఏదో ఒకటి చెయ్యాలనుకున్నాను.

ముందు దోసకాయ.
ఉప్పు తగలగానే ఏడ్చి నీళ్ళయింది.
తర్వాత అరటిపువ్వు,
రేకుల మధ్య నెత్తళ్ళలా పడుకున్న పూలు
చూడ్డానికి అచ్చం అవే, నోట్లో వగరు.
పైడిరాజు ఉమ్మేశాడు,
నేనూ ఉమ్మేసి వాణ్ణి తిట్టాను.
క్యారెట్టుని పల్చగా చెక్కి
రాత్రంతా నిమ్మరసంలో ఊరబెట్టాను.
రంగొచ్చింది. అంతే వచ్చింది.

దహారీజ్ రోడ్డు మీద కొబ్బరిబొండాల కొట్టు.
రుహుల్ కత్తి ఎత్తి అడిగాడు, నీళ్ళా, మీగడా?
రెండూ కాదు,
మరీ లేతదైతే జారిపోతుంది,
ముదిరితే పచ్చడికి పోతుంది,
గోరు దిగీ దిగని కాయ కావాలన్నాను.
తొమ్మిది కాయలు తట్టి ఒకటిచ్చాడు.
వంజరం కొనేటప్పుడు మా అత్త కూడా
అంతసేపే తట్టేది.

గుజ్జు విరక్కుండా చెంచాతో ఒలిచాను.
దాని మీద అడ్డంగా, నిలువుగా గాట్లు
తెగేంత కాదు, పులుపు పట్టేంత.
పక్క ఫ్లాటు మారిటెస్ ఇచ్చిన నాచు కాగితం
రెండు ముక్కలు నిమ్మరసంలో నానేశాను.
ఉల్లి, పచ్చిమిర్చి, కొత్తిమీర కాడలు,
ఎండిన నల్ల నిమ్మకాయ, ఇక్కడివాళ్ళ లూమీ,
రోట్లో దంచితే
ఎక్కడో చేపలు కాల్చిన వాసన.
మూత పెట్టి రెండు గంటలు కూర్చున్నాను.
నాకు తెలియకుండానే
పిల్లి వస్తుందేమోనని తలుపు వేశాను.

మూత తియ్యగానే అతను రెండడుగులు వెనక్కేశాడు.
వాసన అంత దాకా వచ్చిందన్నమాట.
కొబ్బరే, అన్నాను.
పెదాలు తడుముకున్నాడు, గొంతు తడుముకున్నాడు,
కాసేపు గడియారం చూశాడు.
ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు.
"తాజాదేనేటే? మొప్పలు సూపించు."
ఆ మాటకి నవ్వొచ్చింది గానీ
అప్పటికే ఎందుకో కళ్ళు మండుతున్నాయి,
మిర్చి కోసిన చెయ్యి.

"బాగుందా?"
"సేప కాదు."
ఇంకో ముక్క తీసుకున్నాడు.
"కాదు గానీ, ఉప్పు సరిపోయింది."
మూడో ముక్కకి పళ్ళెం
తన వైపు లాక్కున్నాడు.

పైడిరాజు నోరు తెరిచి పక్కన చేరాడు.
ఎల్లాజీ ఒక ముక్క తీసి
బొటనవేలితో నలిపాడు,
ట్యూబులైటు వైపు ఎత్తి చూశాడు,
అంచు వెంట మరోసారి వేలు నడిపాడు.
కొబ్బరి అది. నేనేమీ అనలేదు.
ముల్లు లేదని నమ్మకం కుదిరాక
వాడి నోట్లో పెట్టాడు,
మెల్లిగా నమలరా, అన్నాడు.